ఎవలికి పంపుతున్నవ్?

నల్లటి నీళ్ళు.

వాటి మీద ఒక చెక్క.

చెక్క మీద ఒక కాలు పడుతుంది... చెక్క వంగుతుంది... కింది అంచు నీళ్ళను తాకీ తాకనట్టు ఆగుతుంది.

మళ్ళీ లేస్తుంది.

కోరుట్ల బస్టాండు ఎదురుగా, మేడ మీది స్టూడియోలో, వీరేందర్ తెర మీద ఆ చెక్కనే చూస్తున్నాడు. పొద్దుటి నుంచి అదే చెక్క. చూస్తాడు, ఆపుతాడు, లేచి కిటికీ దాకా పోతాడు, బస్సు వెనక పరుగెత్తే జనాన్ని చూస్తాడు, మళ్ళీ వచ్చి కూర్చుంటాడు. కాలుగాలిన పిల్లి నయం. అది కనీసం ఒక ఇంట్లోనే తిరుగుతుంది. ఇతను ఆఫ్రికా నుంచి తిరుగుతూ వచ్చాడు.

"అన్నా, జెర కూసో. నిన్ను జూస్తె నాకు కండ్లు తిరుగుతున్నయి," అన్నాడు దివాకర్.

దివాకర్ ఒకప్పుడు వీరేందర్ దగ్గర లైటు పట్టినవాడు. ఇప్పుడు స్టూడియో అతనిదే. గురువు మీద భక్తి ఉంది, గురువు తిరుగుడు మీద విసుగూ ఉంది.

ఆ చెక్క ఇక్కడిది కాదు.

నైరోబి అంచున రేకుల ఇళ్ళ వాడ ఒకటి. మటోపేని అంటారు. బురదలో ఉన్నది అని అర్థం. వాడ నడుమ నల్లటి కాలువ. పట్నం వద్దనుకున్నదంతా అందులోనే పోతుంది. ఇటు ఇళ్ళు. అటు బడి, అటే మంచినీళ్ళ కుళాయి. దాటడానికి చెక్క.

వానొస్తే చెక్క కొట్టుకుపోతుంది. వాన వెలిశాక ఎవరో మరో చెక్క తెచ్చి వేస్తారు.

ఒక్కోసారి మనిషి కొట్టుకుపోతాడు. మరో మనిషిని ఎవరూ తేలేరు.

అక్కడ వంతెన కావాలి. వంతెనకు చేయూతనిచ్చేవాళ్ళు సముద్రాల అవతల ఉన్నారు. వాళ్ళ కళ్ళకు కాలువ కనబడాలి. అందుకని సినిమా... పాటల్లేవు, ఫైటింగుల్లేవు. ఉన్న మనుషులు, ఉన్న బురద. అలాంటి సినిమాలు తీసే చిన్న సంస్థలో వీరేందర్ కెమెరా పట్టుకుంటాడు. దుబాయిలో ఒక ఫోటో దుకాణంలో పనిచేస్తున్నప్పుడు అతను తీసిన పెళ్ళి చూసి, సంస్థ నడిపే మేడం తీసుకుపోయింది. "నువ్వు మనుషులకు చాలా దగ్గరికి పోతావు. భయపడవు," అని మెచ్చుకుంది.

అతని సినిమా చూసి ఒక వాడకు కుళాయిలు వేశారు. ఇంకో వాడకు మరుగుదొడ్లు కట్టారు. ఈసారి వంతెన. ఉగాదితో పాటే అక్కడ పెద్ద వానలు మొదలవుతాయి, వాటికి ముందే పడాలి. సినిమా ఈ సోమవారంలోగా మేడంకు చేరాలి.

చేరడం లేదు.

ఒక ముఖం దగ్గర ఆగిపోయింది.

*

వీరేందర్‌ది ముస్తాబాద్. కల్లు గీసే గౌండ్ల ఇల్లు. తాత తాటిచెట్లెక్కాడు, నాన్న ఎక్కాడు, అన్న రాజేశం ఎక్కాడు. వీరేందర్ సగం చెట్టు ఎక్కి, కిందికి చూసి, అక్కడే చెట్టును కరుచుకుని ఏడ్చాడు. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే తాడును మోకు అంటారు. అన్న తన మోకుతోనే ఎక్కి వచ్చి తమ్ముణ్ణి దింపాడు.

"గీనితోని గాదు నాయినా. గీనికి పైనుంచి కిందికి సూసుడే అస్తది, ఎక్కుడు రాదు," అని నవ్వాడు.

నవ్వుతూనే కోరుట్లకు తెచ్చి స్టూడియోలో పనికి పెట్టాడు.

ఆ స్టూడియోకు పెళ్ళిళ్ళకన్నా చావులే ఎక్కువ అన్నం పెట్టాయి. వినడానికి బాగుండదు, కానీ నిజం. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న ఊళ్ళు. తండ్రి పోయినా కొడుకు రాలేడు. తల్లి పోయినా సెలవు దొరకదు. అందుకని చావుకు కెమెరా పిలిచేవాళ్ళు. ఎక్కడో క్యాంపులో, ఇనుప మంచం మీద కూర్చుని, కొడుకు చూడాలి.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. ఏడ్చే మనిషి దగ్గరికి పోవాలి. ముఖం నిండుగా రావాలి. ఒక్క ముఖం కూడా తప్పకూడదు. చూసేవాడు వెతుకుతాడు కదా... చిన్నవ్వ వచ్చిందా, బావ ఏడ్చాడా, దాయాదులు, పాలోళ్ళు పాడె పట్టారా... ఒకసారి బుగ్గారంలో ఒక మేనమామ ముఖం తప్పిపోయింది. పాపం ఆయన బీడీ కాల్చుకోవడానికి పక్కకు పోయాడు. మస్కట్‌లో అల్లుడు వీడియో చూశాడు, మేనమామ చావుకు రాలేదని తేల్చుకున్నాడు. ఆ రెండిళ్ళ మధ్య ఇప్పటికీ మాటల్లేవు. అప్పటి నుంచి వీరేందర్ ఎవర్నీ వదలలేదు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. వీరేందర్ వీడియోలో బతికున్నవాళ్ళ కళ్ళు కూడా చారెడే.

ఇంకొకటి కూడా అతనే మొదలుపెట్టాడు.

శ్మశానానికి పోయే దారిలో పాడెను ఒకసారి దింపుతారు. దింపుడు కల్లం. రక్తసంబంధమున్న మనిషి ఒకరు వంగి, చనిపోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే లేస్తారేమోనని... చివరి ఆశ. కొడుకు దూరంలో ఉంటే ఎవరు పిలవాలి? వీరేందర్ జేబులోంచి ఫోను తీసి చెవి దగ్గర పెట్టాడు. దోహా నుంచి కొడుకు పిలిచాడు. నాయినా... నాయినా... నాయినా.

ఊరు ఊరంతా ఏడ్చింది. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళకు అది ఆచారమైపోయింది.

మంచి పని చేశానని అనుకున్నాడు వీరేందర్. మంచి పనే.

*

సంక్రాంతి ముందటి మంచు. చెట్టు తడిసి ఉంది. రాజేశం కాలు జారింది. మోకు పట్టింది... పట్టి, వదిలింది.

ఆ కబురు మటోపేనికి ఫోనులో వచ్చింది. టికెట్ దొరికినా మర్నాటికి గానీ చేరడు. అంతసేపు ఉంచేలా లేదు ఆ ఒళ్ళు. సాయంత్రమే ఎత్తుతామన్నారు.

ఏం చెయ్యాలో వీరేందర్‌కు తోచలేదు. గదిలో కూర్చోలేకపోయాడు. నిలబడలేకపోయాడు. చేతికి తెలిసిన పని ఒకటే ఉంది. కెమెరా తీసుకుని కాలువ దగ్గరికి పోయాడు.

అక్కడ నఫులా ఏడుస్తోంది.

నఫులా అంటే వానకాలంలో పుట్టిన పిల్ల. ఆమె కొడుకు వెకేసా. కోతల కాలంలో పుట్టినవాడని ఆ పేరు. బడి నుంచి వస్తూ ముందురోజు చెక్క మీంచి జారాడు. తెల్లవారి దొరికాడు.

వీరేందర్ దగ్గరికి పోయాడు. ఇంకా దగ్గరికి పోయాడు. ముఖం నిండుగా వచ్చింది. కన్నీళ్ళు వచ్చాయి, ముక్కు వచ్చింది, తెరుచుకున్న నోరు వచ్చింది. వీరేందర్ కూడా ఏడుస్తూనే ఉన్నాడు. ఆ ఏడుపు అతనికి కావాలి. ముస్తాబాద్‌లో తను ఏడవలేని ఏడుపును ఆమె అక్కడ నిలబడి ఏడుస్తోంది. వదలలేకపోయాడు.

జేబులో ఫోను వణికింది. ఆగింది. మళ్ళీ వణికింది.

అతను తీస్తున్నాడు.

మూడోసారి వణికి, ఆగిపోయింది.

తర్వాత చూసుకున్నాడు. దివాకర్. దింపుడు కల్లం వేళ అది.

*

అక్కడ ఒక నియమం ఉంది. సినిమా బయటికి పోయేముందు వాడవాళ్ళకే చూపించాలి. రెండు గుంజలకు దుప్పటి కట్టి, మునిమాపువేళ మటోపేనికి మటోపేనినే చూపించారు. తమను తాము చూసుకుని జనం పడీ పడీ నవ్వారు. మేకను చూసి కూడా నవ్వారు.

దుప్పటి నిండా నఫులా ముఖం వచ్చింది.

నవ్వు ఆగింది.

నఫులా అందరి వెనక నిలబడి ఉంది. సినిమా అయ్యాక తిన్నగా వీరేందర్ దగ్గరికి వచ్చింది. ఆమె స్వాహిలిలోనే అడిగింది. అతని చెవికి మాత్రం ముస్తాబాద్ మాటలే వినిపించాయి.

"గిది ఎవలికి పంపుతున్నవ్?"

అతను దేశాల పేర్లు చెప్పాడు.

"ఆడ నావోళ్ళు ఎవలున్నరు? నా పిలగానికోసం ఏడ్వాల్సినోళ్ళు అందరు ఈడనే ఉన్నరు గదా."

"తీసెయ్యమంటవా?"

"తీసేస్తే వంతెన అస్తదా?"

అతనికి తెలియదు. ఆమె చెక్క దాటి ఇంటికి పోయింది.

మేడంను అడిగాడు. మేడం చెడ్డ మనిషి కాదు. ఎన్నో వాడలకు నీళ్ళు తెప్పించిన మనిషి. ఆ ముఖమే సినిమా అన్నది. ఆ ముఖం లేకపోతే అవతలివాళ్ళు చూడరు, చూడకపోతే వంతెన లేదు, వంతెన లేకపోతే ఇంకో పిల్లవాడు... అని ఆపేసింది.

ముఖం ఉంచితే నఫులా అడిగిన మాట ఉంటుంది. తీస్తే కాలువ ఉంటుంది.

ఇంటికి పోయి ఎడిటింగ్ ముగించి పంపుతానని చెప్పి వీరేందర్ విమానం ఎక్కాడు. ఇంటికి అన్నాడు గానీ, ఇంటికి పోలేదు. కోరుట్లలో దిగి దివాకర్ స్టూడియోలో కూర్చున్నాడు. కూర్చున్నాడని ఊరికే అనడం.

*

"వదినెను కల్వవా?" అన్నాడు దివాకర్.

"పోత."

"రాజేశమన్న వీడియో సూసినవా?"

వీడియో ఉన్న పెన్‌డ్రైవ్ వీరేందర్ చొక్కా జేబులోనే ఉంది. వచ్చినరోజే దివాకర్ ఇచ్చాడు. స్నానానికి పోతే తీసి, వచ్చాక మళ్ళీ పెట్టుకుంటున్నాడు.

"నడుమల కొంచెం ఖరాబైందన్నా," అన్నాడు దివాకర్, తల వంచుకుని. "గది కట్ జేసుకో."

మర్నాడు, వదినె ఉన్న సిరిసిల్లకు బస్సు ఎక్కాల్సినవాడు జగిత్యాల బస్సు ఎక్కాడు. తెలిసే ఎక్కాడు. జగిత్యాలలో దిగి, గడియారపు టవర్ దగ్గర చాయ తాగి, ఆ బజారంతా ఊరికే తిరిగి, మళ్ళీ కోరుట్లకే వచ్చాడు. బస్సు కిటికీలోంచి తాటిచెట్లు. దారిపొడుగునా తాటిచెట్లు. ఒక్కోదాన్నీ పై నుంచి కింది దాకా చూశాడు.

ఆ మర్నాడు కూడా బస్టాండు దాకా పోయి తిరిగొచ్చాడు. శుక్రవారం దివాకరే చెయ్యి పట్టుకుని సిరిసిల్ల బస్సులో కూర్చోబెట్టి, బస్సు కదిలేదాకా కింద నిలబడ్డాడు.

*

సిరిసిల్లలో సందు మొదట్లోనే సాంచాల చప్పుడు ఎదురొచ్చింది. మగ్గాలు కరెంటు మీద నడిచే వాడ అది. గోడలు కూడా ఆ చప్పుడుకు అలవాటు పడి ఉన్నాయి. లత వదినె తల్లిగారిల్లు అక్కడే. రాజేశం పోయాక ముస్తాబాద్‌లో ఉండలేక వచ్చి, అరుగు మీద కూర్చుని సాంచాలకు నూలు కండెలు చుడుతోంది.

వీరేందర్‌ను చూసి లేచింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు. ఏడవలేదు.

"తిన్నవా?" అన్నది.

"తిన్న."

"అబద్ధం."

పెట్టింది. తిన్నాడు. పప్పుచారు, ఎల్లిపాయ కారం. అన్న తినే గిన్నెలోనే పెట్టింది. అతను పోల్చుకున్నాడు, ఆమె కూడా చూసింది.

"వీడియో సూసినవా?"

"లేదు వదినె."

"నేను ఆడనే ఉన్న. నాకెందుకు వీడియో? మా అవ్వ ఒద్దన్నది. మీ పాలోళ్ళు ఒద్దన్నరు. నా మరిది సూడాలె, తియ్యాల్సిందేనని నేనే కొట్లాడిన." ఆమె కండెను చేతిలోకి తీసుకుంది. "కొట్లాడి తీపిచ్చిన. నువ్వు జేబుల ఏసుకొని తిరుగుతున్నవ్."

వీరేందర్ ల్యాప్‌టాప్ తెరిచాడు.

సాంచాల చప్పుడులో మాటలేవీ వినబడలేదు. ముఖాలు మాత్రం వచ్చాయి. దివాకర్ బాగానే నేర్చుకున్నాడు. ఒక్క ముఖం వదల్లేదు. దగ్గరికి పోయాడు, ఇంకా దగ్గరికి పోయాడు. వదినె ముఖం తెర నిండా వచ్చింది. పక్కన కూర్చున్న వదినె కండె చుడుతూనే, తల తిప్పుకుంది. అటు ఆ ముఖం, ఇటు ఈ ముఖం. వీరేందర్ దేన్నీ చూడలేకపోయాడు.

పాడె లేచింది. డప్పులు. దారి. పాడె దిగింది.

తెర మీద దివాకర్ చెయ్యి కనిపించింది. ఫోను. మళ్ళీ ఫోను. మళ్ళీ...

అప్పుడు కరెంటు పోయింది.

సందులోని సాంచాలన్నీ ఒక్కసారి ఆగాయి. చెవుల్లో నిశ్శబ్దం పోటెత్తింది.

ల్యాప్‌టాప్ ఆగలేదు. తెర మీది బొమ్మ అడ్డంగా పడింది. గడ్డి. పాడె కర్ర. కొన్ని కాళ్ళు. ఆకాశం ముక్క. దివాకర్ కెమెరాను కింద పెట్టేశాడు. ఇన్నేళ్ళలో ఆ స్టూడియో ఏ చావులోనూ చెయ్యని పని అది.

ముఖాల్లేవు. దివాకర్ గొంతు మాత్రం ఉంది.

"రాజేశమన్నా..."

గాలి.

"రాజేశమన్నా... వీరేందరొచ్చిండే..."

గాలి.

"అన్నా!"

వీరేందర్ ఏడ్చాడు. చెట్టు మధ్యలో ఏడ్చినట్టే ఏడ్చాడు. దింపడానికి అన్న లేడు. లత వదినె కండె పక్కన పెట్టి, అతని వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. కరువుతీరా ఏడవనిచ్చింది. సందు సందంతా కరెంటు కోసం ఎదురుచూస్తోంది.

*

తర్వాత ఆమెకు నఫులాను చూపించాడు. ఎందుకు చూపించాడో తెలియదు. ఇంకెవరికి చూపించాలి?

లత చాలాసేపు చూసింది.

"గీ ఆమెకు ఎవ్వలు లేరా? ఒక్కతే ఏడుస్తున్నది."

"ఉన్నరు. శానమంది ఉండె."

"మరేరి?"

"నేను దగ్గరికి పోతుంటె... పక్కకు జరిగిర్రు."

"కెమెరాకోసం జరిగిర్రా?"

ఆమె తిట్టలేదు. ఊరికే అడిగింది. అడిగి, గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

వీరేందర్ ఆనాటి ముక్కలన్నీ మొదటి నుంచి వెతికాడు. ఫోను మూడోసారి వణికి ఆగాక చెయ్యి సోలిపోయి కెమెరా కిందికి వేలాడింది. అలా వేలాడుతూ కూడా తీస్తూనే ఉంది. పనికిరానిదని పక్కన పడేసిన ముక్క.

చెక్క. నల్లటి నీళ్ళు. నఫులా కాళ్ళు.

ఒక జత కాళ్ళు వచ్చి పక్కన నిలబడ్డాయి. ఇంకో జత. బురద కాళ్ళు, తెగిన చెప్పుల కాళ్ళు, గజ్జెల్లేని చిన్న కాళ్ళు. చుట్టూ మూగాయి. కెమెరా దిగేదాకా ఆగి, దిగగానే వచ్చేశారు వాళ్ళంతా. వాళ్ళ నడుమ నుంచి ఆమె గొంతు... వెకేసా... వెకేసా...

మూడోసారి పిలిచిందో లేదో వినబడలేదు. కాలువ చప్పుడు.

ముఖం తీసేశాడు. కాళ్ళు పెట్టాడు.

మేడంకు పంపాడు. ముఖం లేదని ముందే చెప్పి పంపాడు. వాడ పెద్దకు కూడా పంపాడు. ముందు నఫులాకు చూపించమన్నాడు. ఆమె వద్దంటే ఇది కూడా ఆగుతుందని ఇద్దరికీ రాశాడు. వంతెన సంగతి ఎవరికీ ఏమీ రాయలేకపోయాడు. రాసే ధైర్యం లేదు.

కరెంటు వచ్చింది. సాంచాలు మొదలయ్యాయి. లత వదినె మళ్ళీ కండె అందుకుంది.

వీరేందర్ లేచాడు, కూర్చున్నాడు. సందు చివరిదాకా పోయి వచ్చాడు. ఫోను ఈసారి జేబులో పెట్టలేదు. చేతిలోనే పట్టుకున్నాడు.

మేడం నుంచి ఏమీ రాలేదు.

ఎండ గోడ దిగుతుండగా ఫోను వణికింది. మొదటి వణుకుకే ఎత్తాడు. వాడ పెద్ద. గొంతు వెనక ఏదో హోరు. సాంచాలదా, అక్కడిదా తెలియక, వీరేందర్ ఒక చెవి మూసుకున్నాడు.

అక్కడిదే. రేకుల మీద వాన.

"దుప్పటి కట్టలేం," అంటున్నాడు పెద్ద. "ఈసారి ముందే వచ్చింది. ఆగాక చూపిస్తాం. ఆగాక..."

"నఫులా ఏడుంది?" అన్నాడు వీరేందర్. తెలుగులోనే అడిగాడని అతనికి తెలియలేదు.

మాట తెగింది. హోరు కాసేపు ఉండి, అదీ పోయింది.

అక్కడ బడి వదిలే వేళ కాబోతోంది.

నల్లటి నీళ్ళు. వాటి మీద ఒక చెక్క.

చెక్క మీద ఒక చిన్న కాలు పడుతుంది... చెక్క వంగుతుంది...